జొన్న పాతరలో మత్తుమందు

బొజ్జన్నను తలుపు చెక్క మీద పడుకోబెట్టి నలుగురు ఆసుపత్రికి మోసుకొచ్చేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. కల్లూరు రాళ్ళ డిపోలో బేతంచెర్ల నాపబండలు దించే కూలీ అతను. గజ్జల్లో పేగు జారి ఎన్నేళ్ళయిందో అతనికే తెలియదు. గుడ్డ బిగించుకొని బండలెత్తుతూ వచ్చాడు. ఆ రోజు జారిన పేగు మెలిపడి అక్కడే ఇరుక్కుపోయింది. కడుపు బిర్రబిగిసింది. మనిషి పచ్చగా కక్కుకుంటున్నాడు.

డాక్టర్ దావీదురాజు కడుపు నొక్కి చూసి, లేచి చేతులు కడుక్కుంటూనే అడిగాడు.

"ఈథర్ ఎంతుంది రామసుబ్బమ్మా?"

"సగం సీసా సార్."

"సగమా? ఈ ఎండకు మందు ముక్కు మీది ముసుగు గుడ్డ మీద పడేలోపలే ఎగిరిపోతుంది. కడుపు తెరిచినాక మధ్యలో మెలకువొస్తే ఏం చేయమంటావు, నలుగురు పట్టుకోమందామా?"

"క్లోరోఫారం?"

"ఈ గుండెకా? ఆగిపోతుంది." డాక్టరు గడియారం చూశాడు. "మూడు లోపల కొయ్యాలి. దాటితే ఆ పేగు కుళ్ళుతుంది. తర్వాత కోసినా ఒకటే, కోయకున్నా ఒకటే."

రామసుబ్బమ్మ ఆ ఆసుపత్రిలో నర్సు. ఆపరేషన్ గదీ, స్టోరూ రెండూ ఆమె చేతిలోనే. ఈథర్ కోసం పట్నంలోని ఆసుపత్రులకు మనిషిని పంపి లాభం లేదని ఆమెకు తెలుసు. పోయిన వారమే పంపింది. వాళ్ళూ చుక్కలు లెక్కపెట్టుకుంటున్నారు. కేంద్రం బయటి దేశాల సరుకు మీద సుంకం పెంచింది, దిగుమతి లైసెన్సులు కోసింది. మద్రాసు కంపెనీలు ఉన్న సరుకును గోదాములో వేసి తాళం బిగించి "కొత్త రేటు వచ్చేదాకా లేదు" అని కార్డు ముక్కలు రాస్తున్నాయి. రాజధాని ఉన్నన్నాళ్ళు కర్నూలుకు ఏది కావాలన్నా మంత్రుల పేరు చెప్పి వచ్చేది. అది హైదరాబాదుకు లేచిపోయి ఎనిమిది నెలలయింది. సర్కారు ఆఫీసుల డేరాలు పీకేసిన గుంతలు మాత్రం మనకు మిగిలాయి.

అయినా ఆమె దగ్గర ఇంకొక దారి ఉంది. అది డాక్టరుకు తెలియదు.

సంగతేమిటంటే, సంక్రాంతికి ముందు మద్రాసు కంపెనీ ఏజెంటు వచ్చినప్పుడు చెవిలో ఒక మాట వేసి పోయాడు: "అమ్మా, ఈ ఏడు సుంకం పడేట్టుంది. తీసుకునేదేదో ఇప్పుడే తీసుకోండి." రామసుబ్బమ్మ తెలివైన పనే చేసింది. ఆ మూడు నెలలకు మందులు కావాలని రాసే ఇండెంటులో ఈథర్ అంకెను పెంచి రాసింది. వాడకం పోను పన్నెండు సీసాలు మిగిలాయి. మిగిలితే సంతోషపడాలి కదా. ఆ ఆసుపత్రిలో మిగలడమే తప్పు. మార్చి నెలాఖరుకు బీరువాలో మిగిలిన సరుకంతా "మిగులు" అని రాసి ఆసుపత్రి కమిటీ వేలం వేస్తుంది, వచ్చే ఏడు ఇండెంటులో అంత కోస్తుంది. రూలు అది. అందుకే మార్చి వస్తే చాలు, గోరుచుట్టుకు కూడా గజం గుడ్డ చుట్టి పంపేవాళ్ళు. కరువు సీమలో పుట్టి, గింజ దాచుకోవడం తెలిసిన జనం, ఆసుపత్రి గడప లోపలికి వచ్చేసరికి అది మరచిపోవాలట! ఇట్లాంటి రూలు రాసినవాడికి ఒక్కసారైనా పేగు మెలిపడి ఉంటే బాగుండేది.

రామసుబ్బమ్మ "మిగులు లేదు" అని సంతకం పెట్టింది. పన్నెండు సీసాలనూ రేకు పెట్టెలో చొప్ప మధ్య సర్ది, ఆసుపత్రి వెనక వీధిలో పెద్ద ఈరన్న పాతర మూసే రోజున అందులో పెట్టించింది. నేలలో మనిషి నిలువు రెండింతలు తవ్వి, చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, పైన బండ వేసి ఎర్రమట్టితో మెత్తే గుంత పాతర. నేల కింద చల్లగా ఉంటుంది, ఈథర్‌కు చల్లని చోటే కావాలి అనుకుంది. ఆమె పుట్టింది మగ్గాల ఇంట్లో. పాతరను చూడటమే తప్ప దాని గుణం తెలియదు. పెట్టెలో ఏముందని ఈరన్న అడిగితే, "గాజు సామాను" అంది.

"సార్," అంది ఇప్పుడు, "ఒక గంటన్నర టైమియ్యండి. తెస్తా."

"యాడినుంచి?"

"తెచ్చినాక చెప్తా."

*

"పాతరా? ఇప్పుడా?" పెద్ద ఈరన్న తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఏమ్మా రామసుబ్బమ్మా, పాతరంటే నీ స్టోరు బీరువా అనుకుంటివా, తీసి మూసేదానికి? ఒకసారి మూతి తెరిస్తే జొన్నలన్నీ ఆ పొద్దే తియ్యల్ల. తడిగాలి తగిలితే వారానికి బూజు పడతాది. పైన మబ్బు చూడు, ఎట్ల కమ్ముకొస్తాందో."

ఆమె వెంట డిపో కూలీలు పదిమంది దాకా వచ్చారు. వాళ్ళకు ముందుండి మాట్లాడేవాడు గౌస్ పీర్. బొజ్జన్నా అతనూ ఒకే బండకు చెరొక కొస పట్టేవాళ్ళు.

"నీ జొన్నలు మేం మోస్తాం ఈరన్నా. యాడ పోయమంటే ఆడ పోస్తాం. ఆడ బొజ్జన్న సచ్చిపోతాండాడప్పా."

"మోసి యాడ పోస్తావు? నా కొంప చూసినావా? ఉండేది ఒక్క కొట్టం. దాంట్లో నేను, గురమ్మ, గురమ్మ కోళ్ళు."

"నా కోళ్ళను ఎత్తొద్దు," అంది ఈరన్న పెండ్లాం గురమ్మ గడపలోనుంచి.

"ఆసుపత్రి వసారాలో పోయండి," అంది రామసుబ్బమ్మ. ఎవర్నీ అడగలేదు. అడిగితే ఎవరూ ఒప్పుకోరని తెలిసే అడగలేదు.

ఈరన్న మబ్బు వైపు చూశాడు, గౌస్ పీర్ మొహం చూశాడు. "అల్లా పేరు మీద చెప్పు, గింజ తడవదని."

"తడవదు. తడిస్తే నన్ను కొట్టు."

"నిన్ను కొడితే నా చెయ్యి నొస్తాది. తియ్యండి బండ."

గడ్డపారలతో మట్టి పెకలించారు. బండ పక్కకు జరిగింది. ఈ ఏడు పంట తక్కువ కాబట్టి పాతర నిండలేదు. మూతి నుంచి మనిషిన్నర లోతున జొన్నలు, వాటి మీద ఒక మూలన రేకు పెట్టె మసకగా కనబడ్డాయి. గౌస్ పీర్ తాడు కోసం చెయ్యి చాపాడు.

"ఆగప్పా! దిగేస్తావా? పోయినేడు పత్తికొండ తట్టు ఇద్దరు ఇట్లే దిగి, మళ్ళీ పైకి ఎక్కింది ల్యా. మూసిన పాతరలో గాలి చెడి ఉంటాది. దీపం దించి చూడల్ల. దీపం నిలిస్తే మనిషి నిలుస్తాడు." ఈరన్న లోపలికి పోయి లాంతరు వెలిగించుకొని వచ్చాడు. పిడికి తాడు కట్టాడు. తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి, ప్రాణాలు కాపాడే పద్ధతి. లాంతరు పాతర మూతి దాకా వచ్చింది.

"ఆర్పు!" రామసుబ్బమ్మ కేక వేసిన తీరుకు గురమ్మ చేతిలో చేట జారిపోయింది. "ఆర్పు ఈరన్నా, ఎనక్కి తీసుకుపో! పోతాండావా లేదా!"

ఈరన్న బిత్తరపోయి వెనక్కి నడిచాడు. అతను వీధి మొదటికి పోయాకనే ఆమె ఊపిరి పీల్చుకుంది. అతను ఆర్పిన లాంతరుతో తిరిగి వచ్చాడు.

"ఏముండాదమ్మా ఆ పెట్టెలో?"

"గాజు సామాను కాదు. మత్తుమందు. నిప్పు సోకితే పెట్రోలు మాదిరి లేస్తాది. సీసా పగిలుంటే, దాని ఆవిరి పైకి రాదు, గుంతలోనే కూర్చుంటాది. నువ్వు దీపం దించుంటే..."

"దించుంటే?"

"మనమెవరూ ఉండం."

ఈరన్న పాతర మూతి వైపు చూస్తున్నాడు. మూడు నెలలుగా ఆ బండ మీద మంచం వేసుకొని బీడీ కాల్చాడు. అతని మనవరాండ్లు దాని మీదనే గచ్చకాయలాడారు.

"నాకు అబద్ధం చెప్తివి," అన్నాడు చివరికి. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది. "కరణం చెప్పినాడు, షావుకారి చెప్పినాడు, అది వాళ్ళ పని. నువ్వు చెప్తివి."

"చెప్పినా. నిజం చెప్తే పెట్టనియ్యవనుకున్యా."

"పెట్టనియ్యను. ఇంకోచోటు చూపించేవాణ్ణి." అతను లాంతరును గోడవార పెట్టాడు. "సరే. ఇప్పుడు దీపం దించితే కాలిపోతాం. దించకుంటే లోపల గాలి ఎట్లుండాదో తెలీదు. చెప్పు, చదువుకున్నదానివి గదా!"

రామసుబ్బమ్మ చెవిలో ఇంకా బొజ్జన్న మూలుగే ఉంది. సూర్యుడు నెత్తి దాటాడు.

గురమ్మ లోపలికి పోయి ఒక నల్ల కోడిని రెక్కలు పట్టుకొని తెచ్చింది. "ఇది గుడ్లు పెట్టడం మానుకొని నెలయింది. దీన్ని దించండి."

"ఇందాక కోళ్ళ జోలికి రావద్దంటివే?" అన్నాడు గౌస్ పీర్.

"నిన్ను రావద్దంటి. నేను రావచ్చు."

కోడిని గంపలో కూర్చోబెట్టి, పైన వల కట్టి దించారు. కాసేపు కొక్కొక్కో అంది. తర్వాత చప్పుడు లేదు. పైకి లాగితే మెడ వాల్చి పడి ఉంది. "సచ్చిపోయ," అంది గురమ్మ. రామసుబ్బమ్మ ఈకల దగ్గర ముక్కు పెట్టింది. తీపి, ఘాటు కలిసిన వాసన. ఆపరేషన్ గదిలో ఆమె రోజూ పీల్చే వాసన. కోడి కన్ను ఒకటి తెరిచింది, మూసింది, తాగినోడి మాదిరి రెక్క విదిలించింది.

సచ్చిపోలేదు. నిద్రపోయింది. అంటే సీసాలు కారిపోయాయి.

ఎన్ని? ఒకటా, పన్నెండా? రామసుబ్బమ్మ కూలీల వైపు తిరిగింది. "బీడీలు, అగ్గిపెట్టెలు ఉండేవాళ్ళు తీసి వీధి చివర పెట్టి రండి. ఆ గడ్డపారలు కూడా దూరం పెట్టండి, బండకు తగిలితే నిప్పురవ్వ లేస్తాది. ఈ ఆవిరి బరువు. నీళ్ళు తోడినట్టు తోడల్ల."

"దానికి కంబళి," అన్నాడు ఈరన్న. పాతర చెడ్డగాలిని కదిలించే ఉపాయం అతనికి తెలుసు. గొర్రెబొచ్చు కంబళి నాలుగు కొసలకూ తాళ్ళు కట్టారు. నలుగురు కూలీలు దాన్ని నిండా దించడం, ఒక్క ఊపున లాగడం, పక్కకు విదిలించడం, మళ్ళీ దించడం. బండలెత్తే చేతులు అవి. "ఏసెయ్ హైసా! లాగెయ్ హైసా!" వాసన వీధంతా కమ్మింది. చుట్టుపక్కల పొయ్యిలన్నీ ఆర్పించడానికి గురమ్మ ఇల్లిల్లూ తిరిగింది. దౌలత్ బీ అనే ముసలామె సగం ఉడికిన అన్నం దించనని మొండికేస్తే, గురమ్మ చెంబెడు నీళ్ళు పొయ్యిలో పోసి వచ్చింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

రెండోసారి కోడి తూగింది. ఇంకా తోడారు. చెమటకు కూలీల వీపులు నల్లబండల్లా మెరుస్తున్నాయి. తూర్పున ఉరిమింది. మూడోసారి కోడి గంపలోనుంచి లేచి, వల సందులోనుంచి ఈరన్న వేలు పొడిచింది.

"ఇది బాగుండాది," అన్నాడు అతను వేలు చీకుతూ.

గౌస్ పీర్ దిగబోతే పాతర మూతి అతని భుజాలకు చాలలేదు. కూలీలెవరి భుజాలకూ చాలలేదు. ఈరన్నకు చాలుతుంది గానీ దగ్గుతో అతని రొమ్ము ఎప్పుడూ ఎగసిపడుతుంటుంది. రామసుబ్బమ్మ కొంగు బిగించింది. కుచ్చెళ్ళు వెనక్కి దోపి, నడుముకు తాడు కట్టుకుంది.

"తాడు రెండుసార్లు లాగితే పైకి తియ్యండి. ఎంతకీ లాగకున్నా తియ్యండి."

కాళ్ళు జొన్నల మీద ఆనాయి. ఆనగానే ఆమెకు తెలిసిపోయింది. జొన్నలు వెచ్చగా ఉన్నాయి. జ్వరం వచ్చిన ఒళ్ళు మాదిరి. గింజ ప్రాణమున్నది, ఊపిరి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది. ఈ ముక్క ఈరన్నకు తెలుసు, గురమ్మకు తెలుసు, ఆ వీధిలో పిల్లిపిల్లకు కూడా తెలుసు. అడిగి ఉంటే చెప్పేవాళ్ళు. అడగాలంటే నిజం చెప్పాలి. నిజం చెప్పలేదు కాబట్టి అడగలేదు.

పెట్టె మూత మెల్లగా ఎత్తింది. బిరడాలు లేచిపోయిన సీసాలు, ఒకటి నిలువునా పగిలింది. ఒక్కొక్కటే ఎత్తి బరువు చూసింది. తేలిక. తేలిక. బరువు. గంపలో పెట్టింది. తేలిక. బరువు. లెక్కపెడుతుంటే అంకెలు జారిపోతున్నాయి. మూడా, నాలుగా? మళ్ళీ మొదటినుంచి. ఐదు. చొప్ప కుక్కి గంప తాడు లాగింది. గంప వెలుతురులోకి పోతూ చిన్నదైంది. తర్వాత తన తాడు లాగాలి. రెండుసార్లు. ఎందుకు రెండుసార్లు? జొన్నలు వెచ్చగా, మెత్తగా ఉన్నాయి. ఒక్క నిమిషం కూర్చుంటే ఏమి...

నడుము దగ్గర తాడు ఆమెను విరిచేసినంత పని చేసింది. కళ్ళు తెరిచేసరికి గురమ్మ ఆమె మొహం మీద నీళ్ళు కొడుతోంది, గౌస్ పీర్ తాడు చేతికి చుట్టుకొని గసపోస్తున్నాడు.

"నువ్వు లాగలేదు తల్లీ. మేమే లాగినాం," అన్నాడు.

"సీసాలు?"

"ఐదు. ఈరన్న ఆసుపత్రికి ఎత్తుకొని పరిగెత్తినాడు. దగ్గుకుంటానే."

*

మూడుకు పది నిమిషాలు తక్కువ ఉండగా దావీదురాజు కత్తి పెట్టాడు. రామసుబ్బమ్మ బొజ్జన్న తల దగ్గర కూర్చొని ముసుగు మీద చుక్కలు వేస్తోంది. తల ఇంకా తిరుగుతోంది. లోపలి పేగు జానెడు మేర నల్లగా, వంకాయ రంగులో బయటికి వచ్చింది. డాక్టరు దాన్ని వేడి ఉప్పునీళ్ళ గుడ్డలో చుట్టి పట్టుకున్నాడు. పట్టుకొని ఊరకే నిలబడ్డాడు. ఇది అన్నిటికంటే పొడుగైన సమయం. స్టోరులోని సగం సీసా అయిపోయింది. పాతరనుంచి తెచ్చినవాటిలో ఒకటి అయిపోయింది. రెండోది సగానికి వచ్చింది.

"చూడు," అన్నాడు డాక్టరు.

నలుపులోనుంచి ఎరుపు పాకుతోంది. ఏటి ఇసుకలోకి నీళ్ళు ఊరినట్టు.

"ఇంకో అరగంట అయ్యుంటే కోసి పారేసేవాణ్ణి. మనిషినీ పారేసుకునేవాళ్ళం." అతను పేగును లోపలికి నెట్టి కుట్టడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు చెప్పు, యాడినుంచి తెచ్చినావు?"

ఆమె చెప్పింది, ముసుగు మీద చుక్క తప్పకుండా. డాక్టరు కుడుతూనే విన్నాడు. రెండో సీసా అయిపోయేసరికి ఆఖరి కుట్టు పడింది.

బయటినుంచి గొడవ వినబడింది. రామసుబ్బమ్మ చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చింది. వాన మొదలైంది. మళ్ళీ గాలి తోడి, పాతర మూతిని వెడల్పు చేసి దిగి నింపుకున్న గోనెసంచులు నెత్తిన పెట్టుకొని కూలీలు వరసగా పరిగెత్తుకొస్తున్నారు, వసారాలో జొన్నలు కుప్ప పోస్తున్నారు. కుప్ప ఎదురుగా కమిటీ సెక్రటరీ గిడ్డయ్య గొడుగు మూయడం కూడా మరిచిపోయి నిలబడి ఉన్నాడు.

"ఇది ఆసుపత్రా, జొన్నల మండీనా? ఏమమ్మా, ఎవరిని అడిగి పోయించినావు? ఆ సీసాలు యాడివి? మార్చిలో మిగులు లేదని నువ్వే గదా సంతకం పెట్టినావు?"

"పెట్టినా. అబద్ధపు సంతకం."

గిడ్డయ్య ఇంత సులువుగా దొరుకుతుందనుకోలేదు. మాట తడబడింది. "అయితే... అయితే కమిటీ ముందర సంజాయిషీ ఇయ్యల్ల."

"ఈడే ఇస్తా, వీళ్ళ ముందర. పన్నెండు సీసాలు మిగిలినాయి. నువ్వు వేలం వేస్తావని దాచినా. దాచిన చోటు ఎట్లాంటిదో ఎవర్నీ అడగలేకపోతి. ఏడు సీసాలు ఆవిరైపోయినాయి. ఈ వీధి వీధంతా కాలిపోయుండేది. అది నా తప్పు. ఎవరూ మోయాల్సిన పని లేదు, నేనే మోస్తా. నీ రూలు ఎవరు మోస్తారో నువ్వు చెప్పు."

"రూలు నాదా? నాకంటే ముందు నుంచి ఉండాది. నేను చేసేదేముంది? తాళంచెవులు ఇట్లియ్యి."

ఆమె నడుముకున్న గుత్తి తీసింది. కానీ చేతికియ్యలేదు. "ఇస్తా. ముందు లోపలికి పోయి ఎన్ని సీసాలుండాయో చూసి రా. వచ్చి ఈళ్ళకు వినపడేట్ల చెప్పు."

పదిమంది కూలీలు సంచులు దించి నిలబడ్డారు. గిడ్డయ్య లోపలికి పోయాడు, వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"మూడు."

"మూడు ఎంతమందికొస్తాయి?" అన్నాడు గౌస్ పీర్.

గిడ్డయ్య రామసుబ్బమ్మ వైపు చూశాడు. లోపలినుంచి డాక్టరు చెప్పాడు: "ఒకడికి. గట్టిగా పట్టుకుంటే ఇంకొకడికి."

గౌస్ పీర్ పంచె కొస పక్కకు లాగి, గజ్జల దగ్గర బిగించి కట్టిన గుడ్డ చూపించాడు. చూపించి, మిగతా వాళ్ళ వైపు తిరిగాడు. ఒకడు తల వంచుకొని తన గుడ్డ చూపించాడు. ఇంకొకడు. సిగ్గుతో నవ్వుతూ మరొకడు. పదిమందిలో ఆరుగురు.

"డిపోలో మొత్తం నలభైమంది ఉండాం సెక్రటరీగారూ. ఆ ఒకడు ఎవడో నువ్వు చెప్పు. చెప్తే మిగిలినోళ్ళం బండలెత్తడం మానుకుంటాం."

వాన చూరు మీదనుంచి ధారగా పడుతోంది. ఈరన్న జొన్నల కుప్ప చుట్టూ తిరుగుతూ చినుకు పడిన గింజల్ని అరచేత్తో పక్కకు తోస్తున్నాడు, ఈ మాటలేవీ తనవి కానట్టు. గిడ్డయ్య మొహంలో మొదటిసారి కాగితం కాకుండా మనిషి కనబడ్డాడు. అదీ ఒక్క క్షణమే.

"కమిటీ కూర్చోవాలి," అన్నాడు మెల్లగా. "మిగులు రూలు తీసేయమని అడుగుతా. మూడు నెలల సరుకు ఎప్పుడూ చేతిలో ఉండేట్టు... ఎక్కువ రేటైనా సరే, రేపు మద్రాసుకు తంతి ఇద్దాం."

"రేపెందుకు?" అంది రామసుబ్బమ్మ. "నాలుగున్నర కూడా కాలేదు. పోస్టాఫీసు ఐదు దాకా ఉంటాది."

గిడ్డయ్య వాన వైపు చూశాడు. గౌస్ పీర్ ఖాళీ గోనెసంచి ఒకటి మడిచి కొప్పెర చేసి తన నెత్తిన వేసుకున్నాడు.

"గొడుగుండాది గదా, పా సామీ. నేనూ వస్తా," అన్నాడు.